ఏమవుతారు, ఎలా ఉన్నారు

మొన్న ఎండాకాలంలో తెనాలి దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. డాలస్ నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్ళ తొమ్మిదేళ్ళ పాప వచ్చారు. పాపకి తెలుగు బాగానే వచ్చు. కానీ అంతమంది చుట్టాల్ని ఒకేచోట చూడటం దానికి అదే మొదటిసారి. అరుగు మీద పట్టుపావడా కట్టుకున్న నాలుగేళ్ళ పిల్ల ఒకతి కూర్చుని లడ్డూ తింటోంది. పాప వెళ్ళి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచింది. లోపలి నుంచి వాళ్ళ అమ్మమ్మ వచ్చి, "పేరు పెట్టి పిలవకూడదమ్మా, అది నీకు పిన్ని అవుతుంది" అంది.

పాప నమ్మలేదు. "అమ్మమ్మా, తనకి నాలుగేళ్ళే కదా!"

"నాలుగేళ్ళయితే ఏం? మీ తాతయ్య తమ్ముడి కూతురు. అంటే మీ అమ్మకి చెల్లెలు. అమ్మకి చెల్లెలైతే నీకు పిన్నే కదా."

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత పందిట్లో పరిగెడుతున్న ఓ ఏడేళ్ళ కుర్రాణ్ణి చూపించి, "అయితే పిన్ని వాళ్ళ అన్నయ్య నాకు మామయ్యా?" అని అడిగింది.

నేను పక్కనే తాంబూలం సంచులు సర్దుతున్నాను. చేతిలో సంచి అలాగే పట్టుకుని ఉండిపోయాను. పాతికేళ్ళుగా కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెబుతున్నాను. కృత్రిమ మేధలో నేర్చుకోవడం అంటే ఏమిటో ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను. ఆ పాప తన జీవితంలో ఏడేళ్ళ మామయ్యను ఎప్పుడూ చూడలేదు. దానికి తెలిసిన మామయ్యలందరికీ మీసాలున్నాయి, కార్లున్నాయి. ఒక్క ఉదాహరణ, దాని వెనక ఒక కారణం విన్నది. అంతే, ఎవరూ చెప్పని ఇంకో సంగతి తనే తేల్చేసింది. అదీ సరిగ్గా.

ఆ సాయంత్రం పాపని తీసుకుని టౌన్‌కి వెళ్ళాను. ఆటో దిగేటప్పుడు "బాబాయ్, ఆ కొట్టు పక్కన ఆపు" అన్నాను. పాప నా వైపు, డ్రైవర్ వైపు మార్చి మార్చి చూసింది. "పెదనాన్నా, ఈయన నీకు బాబాయి అయితే నాకు తాతయ్య అవుతారా?" అంది. ఆయన గట్టిగా నవ్వాడు. "ఆయన మనకి ఏమీ కాడమ్మా, వయసు చూసి అలా పిలుస్తాం" అన్నాను. "ఏ వయసైతే బాబాయి? ఏ వయసైతే అన్న?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే నియమం లేదు. జుట్టు చూస్తాం, కట్టిన బట్ట చూస్తాం, గొంతు వింటాం, మనసులో ఏదో లెక్క పడుతుంది, నోటికొచ్చేస్తుంది. చాలాసార్లు సరిపోతుంది. ఒక్కోసారి తప్పుతుంది. ముప్ఫై ఏళ్ళ అమ్మాయిని "ఆంటీ" అని పిలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు.

రెండూ చుట్టరికపు మాటలే, తెలివి మాత్రం రెండు రకాలు. పెళ్ళింట్లో 'పిన్ని' అనేది తర్కం, అంటే నియమం నుంచి తేల్చడం. ఆటోలో 'బాబాయి' అనేది గణాంకం, అంటే చూసిన ఉదాహరణల మీద వేసే అంచనా. తెలుగింట్లో పెరిగిన పిల్లలు ఈ రెండూ నేర్చుకుంటారు, ఎక్కడ ఏది వాడాలో కూడా నేర్చుకుంటారు. కృత్రిమ మేధ రంగం డెబ్భై ఏళ్ళుగా ఈ రెండిటి మధ్యే కొట్టుకుంటోంది. ఇప్పుడు గణాంకం పూర్తిగా గెలిచేసిందని, తర్కాన్ని సిలబస్‌లోంచి కూడా తీసేయవచ్చని అందరూ అంటున్నారు. అది పొరపాటని నా నమ్మకం. తర్కం పోతే ఎక్కువ నష్టపోయేది మామూలు జనమే. అందుకే ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నాను.

రెండు పక్షాలూ దాదాపు ఒకేసారి పుట్టాయి. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ లాంటి శాస్త్రవేత్తలు కూడిన సమావేశంతో ఈ రంగానికి కృత్రిమ మేధ అనే పేరు స్థిరపడింది. మెకార్తీది తర్కం పక్షం. లోకం గురించి మనకు తెలిసినదాన్ని వాక్యాలుగా రాసి యంత్రానికి ఇస్తే, వాటి నుంచి కొత్త వాక్యాలు అదే తేల్చుకోవాలని ఆయన 1958లో ప్రతిపాదించాడు. అమ్మమ్మ చేసింది అదే: ఇది తమ్ముడి కూతురు, కాబట్టి చెల్లెలు, కాబట్టి పిన్ని. అదే ఏడాది ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ అనే యంత్రాన్ని ప్రకటించాడు. దానికి వాక్యాలు ఉండవు. ఉదాహరణలు చూపిస్తూ పోతే, తప్పు చేసినప్పుడల్లా లోపలి అంకెల్ని కాస్త అటూ ఇటూ జరుపుకుంటుంది. ఆటోవాణ్ణి ఏమని పిలవాలో మనం నేర్చుకున్న తీరు అది.

1969లో మిన్‌స్కీ, మరో శాస్త్రవేత్త సీమోర్ పేపర్ట్ కలిసి ఒక పొర పర్సెప్ట్రాన్ ఏమేం చేయలేదో గణితంతో చూపించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తర్కానిదే రాజ్యం.

ఆ రాజ్యంలో నాకు బాగా ఇష్టమైనది మైసిన్. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో చేశారు. రక్తంలో చేరిన బ్యాక్టీరియాను గుర్తించి ఏ యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలో చెప్పే ప్రోగ్రామ్ అది. లోపల కొన్ని వందల 'అయితే' నియమాలు. ఫలానా ఆకారం, ఫలానా రంగు, ఫలానా చోట దొరికింది అయితే ఫలానా సూక్ష్మజీవి కావచ్చు, ఇలా. అది డాక్టర్‌ని ప్రశ్నలు అడుగుతూ పోతుంది. మధ్యలో డాక్టర్ "ఎందుకు?" అని టైప్ చేయవచ్చు. వెంటనే తను ఏ నియమాన్ని పరీక్షిస్తోందో, ఆ ప్రశ్న దానికి ఎందుకు కావాలో చూపిస్తుంది. నిపుణులతో పోల్చి చూస్తే దాని సలహాలు వాళ్ళకి తీసిపోలేదు. ఆసుపత్రుల్లో మామూలు వాడకంలోకి మాత్రం రాలేదు. అయినా "ఎందుకు?" అని అడిగితే జవాబిచ్చే యంత్రం యాభై ఏళ్ళ కిందటే ఉందని మా పిల్లలకి చెబితే ఆశ్చర్యపోతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మైసిన్ నియమాల పక్కన అంకెలు ఉండేవి. ఈ నియమాన్ని ఎంత నమ్మవచ్చో చెప్పే అంకెలు. వైద్యంలో 'కచ్చితంగా' అనే మాట ఎక్కువ దూరం నడవదని తర్కం పక్షం వాళ్ళకీ అప్పుడే తెలిసింది.

తర్కం నిజంగా ఓడిపోయింది మాట దగ్గర, అంటే మనిషి గొంతు దగ్గర. ఆ కథలో మనవాడు ఉన్నాడు. రాజ్ రెడ్డి గారిది అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు. 1937లో పుట్టారు, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివారు. స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ దగ్గరే 1966లో పీహెచ్‌డీ చేశారు. తర్కానికి మూలపురుషుడి శిష్యుడన్నమాట. ఆయన ఎంచుకున్నది మాత్రం యంత్రానికి మాట వినడం నేర్పే పని. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన హియర్‌సే అనే వ్యవస్థలో ధ్వనుల గురించి, పదాల గురించి, వ్యాకరణం గురించి వేర్వేరు జ్ఞానాలు ఒక బోర్డు ముందు కూర్చున్నట్టు తలా ఒక మాట రాస్తూ వాక్యాన్ని తేల్చేవి. అదే చోట ఆయన శిష్యుల్లో జేమ్స్ బేకర్ 1975 నాటికి డ్రాగన్ అనే మాట గుర్తించే వ్యవస్థ చేశాడు, అది సంభావ్యతల మీద, అంటే గణాంకాల మీద నడిచింది. 1976లో వచ్చిన హార్పీ అనే వ్యవస్థ 1011 పదాల దాకా గుర్తించింది. 1980లలో కై-ఫు లీ అనే విద్యార్థి వచ్చి, నిపుణుల నియమాల దారి కాదు, గణాంకాల దారిలో వెళ్తానన్నాడు. రెడ్డి గారికి ఆ దారి మీద నమ్మకం లేదు. అభిప్రాయం ఒప్పుకోనని చెప్పి, పనికి మాత్రం అండగా నిలబడ్డారని లీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 1988లో లీ చేసిన స్ఫింక్స్, మాట్లాడేది ఎవరైనా సరే దాదాపు వెయ్యి పదాల పరిధిలో సాఫీగా సాగే మాటను గుర్తించింది. ఆ తర్వాత ఈ రంగంలో ఎవరూ వెనక్కి చూడలేదు.

గణాంకం ఎందుకు గెలిచింది? శ్రీకాకుళం మనిషి 'వెళ్ళాలి' అనే తీరు వేరు, నెల్లూరు మనిషి అనే తీరు వేరు, జలుబు చేసినప్పుడు వేరు, కోపంలో వేరు, ఫ్యాను తిరుగుతుంటే వేరు. వీటన్నిటికీ నియమాలు రాయడానికి ఎవరి తరం? రాసినా ప్రతి నియమానికీ పది మినహాయింపులు. వేల గంటల మాట వినిపిస్తే మాత్రం అంకెలు సర్దుకుంటాయి. బొమ్మల్ని గుర్తించడంలో 2012లో జరిగింది కూడా ఇదే. పిల్లి అంటే ఏమిటో ఎవరూ నియమం రాయలేకపోయారు, లక్షల బొమ్మలు చూపిస్తే యంత్రం నేర్చుకుంది. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. కంటితో, చెవితో చేసే పనుల్లో గణాంకానిదే న్యాయమైన గెలుపు.

1994లో కంప్యూటర్ రంగంలోని అతి పెద్ద గౌరవం, ట్యూరింగ్ అవార్డు, రాజ్ రెడ్డి గారికి, నియమాలతో నిపుణ వ్యవస్థలు కట్టిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కి కలిపి ఇచ్చారు. మా క్లాసులో ఈ సంగతి తప్పకుండా చెబుతాను, కాటూరు పేరు బోర్డు మీద రాసి మరీ.

సరే, కళ్ళు చెవులు గణాంకానికి వదిలేద్దాం. మరి చుట్టరికం?

చుట్టరికం మీదే ఈ రెండు పక్షాలూ ఒకసారి నేరుగా తలపడ్డాయి. చాలామందికి గుర్తులేదు. 1986లో జెఫ్రీ హింటన్ అనే గణాంకం పక్షం శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. రెండు కుటుంబాలు, ఒకటి ఇంగ్లిషు పేర్లతో, ఇంకొకటి ఇటాలియన్ పేర్లతో. ఒక్కో దాంట్లో 12 మంది. తండ్రి, తల్లి, భర్త, భార్య, అంకుల్, ఆంటీ లాంటి 12 సంబంధాలు. మొత్తం 104 నిజాలు: ఫలానా మనిషికి ఫలానా సంబంధం ఎవరు, అని. అందులో 100 చూపించి, 4 దాచి పెట్టాడు. న్యూరల్ నెట్‌వర్క్ (పర్సెప్ట్రాన్ లాగే అంకెలు సర్దుకుంటూ నేర్చుకునే ప్రోగ్రామ్) ఆ 100 ఉదాహరణల్ని 1500 సార్లు చూసింది. ఒక దఫాలో దాచిన నాలుగూ సరిగ్గా చెప్పింది, ఇంకో దఫాలో మూడు చెప్పింది.

అందులో అందమైన సంగతి వేరే ఉంది. ప్రతి మనిషినీ ఆరు అంకెల్లోకి కుదించుకోమని దాన్ని బలవంతపెట్టారు. తర్వాత తెరిచి చూస్తే, ఒక అంకె ఆ మనిషి ఇంగ్లిషా ఇటాలియనా అని చెబుతోంది. ఇంకొకటి ఏ తరమో చెబుతోంది. మరొకటి కుటుంబంలో ఏ కొమ్మో చెబుతోంది. తరం అనే మాట దానికి ఎవరూ నేర్పలేదు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇవాళ మనం వాడే భాషా మోడల్స్ (చాట్‌బాట్‌ల లోపల ఉండే ప్రోగ్రాములు) అన్నిటికీ మూలంలో ఉన్న ఊహ అదే: మాటకు బదులు అంకెల వరస, ఆ అంకెల్లో అర్థం.

నాలుగేళ్ళ తర్వాత, 1990లో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రాస్ క్విన్లన్ అవే కుటుంబాల్ని తన ఫాయిల్ అనే ప్రోగ్రామ్‌కి ఇచ్చాడు. అది అంకెలు సర్దుకోదు, నియమం వెతుకుతుంది. 'అంకుల్ అంటే తల్లికో తండ్రికో సోదరుడు' తరహా వాక్యాన్ని తనే రాసుకుంటుంది. నాలుగేసి నిజాలు దాచి 20 సార్లు పరీక్షిస్తే 80 ప్రశ్నల్లో 78 సరిగ్గా చెప్పింది. తర్కం అంటే మనుషులు కూర్చుని నియమాలు రాసి ఇవ్వడమే అని చాలామంది అనుకుంటారు. కాదు, తర్కంతో కూడా యంత్రం నేర్చుకుంటుంది. ఎడిన్‌బరోలో గోర్డన్ ప్లాట్‌కిన్ 1970 ప్రాంతంలో దానికి పునాది వేశాడు. 1991లో స్టీఫెన్ మగల్టన్ ఆ దారికి 'ఇండక్టివ్ లాజిక్ ప్రోగ్రామింగ్' అని పేరు పెట్టాడు. ఉదాహరణలు, ముందే తెలిసిన సంగతులు ఇస్తే, వాటిని కలిపే నియమాన్ని అది కనిపెట్టాలి.

ఇదేమీ ఆటబొమ్మ కాదు. 1990లలో కణాల్లో జన్యుమార్పులు తెస్తాయో లేదో పరీక్షించిన 230 రసాయనాల మీద దీన్ని ప్రయోగించారు. వాటిలో 188 మామూలు గణాంక సూత్రానికి లొంగాయి, 42 లొంగలేదు. ఆ 42 విషయంలోనే తర్కం పద్ధతి అణువు నిర్మాణంలో ఒక ఆకారాన్ని పట్టుకుంది. అది రసాయన శాస్త్రవేత్త చదివి, అవుననో కాదనో అనగలిగిన వాక్యం. నాకు ముఖ్యమైంది ఆ చివరి సంగతే.

మళ్ళీ మన చుట్టరికానికి వస్తాను. హింటన్ కుటుంబాల్లో 'అంకుల్' ఒక్కటే మాట. మనకి బాబాయి, పెదనాన్న, మామయ్య ముగ్గురూ వేరు. ఇది గౌరవం కోసం వచ్చిన తేడా కాదు, లెక్క తేడా. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అవుతారు. అక్కచెల్లెళ్ళ పిల్లలూ అంతే. అన్న పిల్లలు, చెల్లి పిల్లలు మాత్రం ఒకరికొకరు బావామరదళ్ళు. బాబాయి కూతురు చెల్లెలు, మామయ్య కూతురు మరదలు. ఇవి రెండూ కలిపేస్తే తెలుగింట్లో ఎంత గొడవో చెప్పక్కర్లేదు. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ చుట్టరికాల మీద పెద్ద గ్రంథం వేసినప్పుడు తమిళం, కన్నడంతో పాటు తెలుగు మాటలు కూడా పట్టికల్లో ఎక్కించాడు. ఈ అమరికలోని క్రమం ఆయన్ని అంతగా ఆకట్టుకుంది.

పెళ్ళి నుంచి వచ్చాక ఒక రాత్రి మా పాప కథనే ఒక చాట్‌బాట్‌కి తెలుగులో చెప్పాను. "అమ్మ వాళ్ళ బాబాయి కూతురికి నాలుగేళ్ళు. నాకు తొమ్మిదేళ్ళు. ఆమె నాకు ఏమవుతుంది?" చక్కటి తెలుగులో జవాబిచ్చింది: "ఆమె మీకు చెల్లెలి వరస అవుతుంది." వయసులు తీసేసి మళ్ళీ అడిగితే "పిన్ని" అంది. మొదటిసారి దాన్ని తప్పుదారి పట్టించింది ఆ నాలుగేళ్ళు. తను చదివిన కోట్ల వాక్యాల్లో నాలుగేళ్ళ పిల్ల పక్కన 'చెల్లెలు' వచ్చినన్ని సార్లు 'పిన్ని' వచ్చి ఉండదు మరి. మా పాప కూడా ముందు అలాగే అనుకుంది. అమ్మమ్మ ఒక్క వాక్యం చెప్పాక మళ్ళీ ఆ తప్పు చేయలేదు. ఒక్క పరీక్షతో మోడల్స్ అన్నిటి మీదా తీర్పు చెప్పడం లేదు. ఇంకో మోడల్ సరిగ్గా చెప్పవచ్చు, వచ్చే ఏడాది అన్నీ చెప్పవచ్చు. కానీ ఆ తప్పు ఎటు నుంచి వచ్చిందో చూడండి. అడిగింది 'ఏమవుతుంది' అని. అది చెప్పింది 'ఎలా ఉంది' అనే దానికి జవాబు.

2023లో కొందరు పరిశోధకులు ఇలాంటిదే ఒకటి కొలిచి చూపించారు. ఒక ప్రసిద్ధ నటుడి తల్లి ఎవరని అడిగితే మోడల్ పేరు చెబుతుంది. ఆ తల్లి పేరు చెప్పి, ఆమె కొడుకు ఎవరని అడిగితే తడబడుతుంది. అలాంటి ప్రసిద్ధుల జాబితా మీద జీపీటీ-4 ఒక వైపు నుంచి 79 శాతం సరిగ్గా చెబితే, తిరగేసి అడిగినప్పుడు 33 శాతమే చెప్పింది. ఆమె ఆయనకి తల్లి అయితే ఆయన ఆమెకి కొడుకు. తర్కంలో ఇది విడిగా నేర్చుకోవలసిన సంగతే కాదు, ఉచితంగా వస్తుంది. గణాంకంలో రెండో వాక్యం ఎక్కడో రాసి ఉండాలి, తగినన్ని సార్లు ఉండాలి. ఇంగ్లిషులోనే ఇలా ఉంటే, వెబ్‌లో రాసిపెట్టిన వాక్యాలు చాలా తక్కువున్న తెలుగు సంగతి ఏమిటి? తక్కువ ఉదాహరణలతో సరిపెట్టుకోగల పద్ధతి అవసరం ఎవరికైనా ఉందంటే ముందు మన భాషలకే ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత హైదరాబాదుకి వచ్చిన అక్షరభారతి బృందం పాణిని వ్యాకరణంలోని కారకాల (క్రియకీ వాక్యంలోని మిగతా మాటలకీ ఉండే సంబంధాల) ఆధారంగా అనుసారక అనే అనువాద వ్యవస్థ కట్టినప్పుడు ఆలోచించింది ఈ వైపు నుంచే. తెలుగు నుంచి హిందీకి కూడా దాన్ని చేశారు. ఇవాళ దాని పేరు విన్న విద్యార్థి నా క్లాసులో ఒక్కరు కూడా లేరు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి.

మా చిన్న మేనమామకి అరవై దాటింది. రెండు గేదెలు కొందామని ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పుకి వెళ్ళాడు. పాత అప్పులేవీ లేవు. పాల కేంద్రంలో ఇరవై ఏళ్ళ ఖాతా ఉంది. ఏజెంట్ కుర్రాడు ఇంటికొచ్చి ట్యాబ్‌లో వివరాలు ఎక్కించాడు, ఆధార్ ఫొటో తీసుకున్నాడు, వేలిముద్ర వేయించుకున్నాడు. రెండు నిమిషాల్లో ఎర్ర అక్షరాలతో 'అర్హత లేదు' అని వచ్చింది. ఎందుకని మామయ్య అడిగాడు. "సిస్టమ్ తీసుకోలేదండి" అన్నాడు కుర్రాడు. నేను బ్రాంచికి ఫోన్ చేశాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "స్కోరు తక్కువొచ్చింది సార్, ఎందుకొచ్చిందో మాకూ కనిపించదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. ఆయనకి నిజంగానే కనిపించదు.

అదే 'అరవై దాటినవాళ్ళకి ఇవ్వం' అని ఒక నియమం ఉండుంటే? అది చెడ్డ నియమమే కావచ్చు. కానీ దానితో దెబ్బలాడవచ్చు. కొడుకుని జామీను పెడతామనవచ్చు, ఆ నియమం తప్పని పైకి రాయవచ్చు, పేపర్లో వేయించవచ్చు. స్కోరుతో ఎలా దెబ్బలాడతాం? పిన్‌కోడ్ వల్ల తగ్గిందా, ఫోన్ పాతదవడం వల్లా, పేరు వల్లా? పేరు వల్లే అయితే అది కేవలం బాధ కాదు, అన్యాయం. అయినా దాన్ని ఎవరూ పట్టుకోలేరు. మామయ్య ఆ రాత్రి అన్నం తినకుండా మంచం మీద కూర్చుని, "నేనేం తప్పు చేశాన్రా?" అని నన్నే రెండు మూడు సార్లు అడిగాడు. మైసిన్ అయితే ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది.

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. మనుషులు కూడా కారణాలు తర్వాత అల్లుకుంటారు కదా, మేనేజర్ నియమం చూపించినా మనసులో ఇంకేదో ఉండొచ్చు కదా అని. నిజమే. నియమం రాసినంత మాత్రాన న్యాయం రాదు. కానీ రాసిన నియమం బయట ఉంటుంది. దాన్ని మామయ్య చదవగలడు, లాయర్ చదవగలడు, మేనేజర్ మనసుని చదవనక్కర్లేదు. ఇంకొందరు మోడల్‌నే కారణం అడగవచ్చుగా అంటారు. అడిగితే చెబుతుంది, చక్కటి వాక్యాల్లో చెబుతుంది. కానీ ఆ వాక్యాలే ఆ నిర్ణయాన్ని పుట్టించాయన్న హామీ లేదు. తర్కంలో కారణం, జవాబు ఒకే గొలుసులో ఉంటాయి. కారణం తీసేస్తే జవాబు పడిపోతుంది.

తర్కం వైపు లోపాలు కూడా దాచను. డగ్లస్ లెనట్ 1984లో సైక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు, లోకజ్ఞానమంతా వాక్యాలుగా రాసేద్దామని. 2023లో చనిపోయే వరకు ఆ పని మీదే ఉన్నాడు. కోటికి పైగా వాక్యాలు రాశారు, పూర్తి కాలేదు, ఎప్పటికీ కాదు కూడా. ఇంకొకటి, తర్కం మురికిని ఓర్చుకోలేదు. రేషన్ కార్డులో తండ్రి పేరు ఒక అక్షరం తప్పు పడితే చాలు, గొలుసు తెగిపోతుంది. 'వెంకటేశ్వరరావు', 'వెంకటేశ్వర్రావు' ఒకరేనని గణాంకం ఇట్టే ఊహిస్తుంది. నియమం మాత్రం ఇద్దరు మనుషులంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ బాధ తెలుసు.

అందుకే రెండిటికీ పెళ్ళి చేయడమే నాకు నచ్చిన దారి. 2024 జనవరిలో వచ్చిన ఆల్ఫాజియోమెట్రీ అనే ప్రోగ్రామ్ అలాంటిది. గణిత ఒలింపియాడ్ జామెట్రీ లెక్కలు 30 ఇస్తే 25 చేసింది. అందులో భాషా మోడల్ పని ఊహించడం: ఇక్కడో బిందువు పెడితే, అక్కడో గీత గీస్తే పని జరగవచ్చని. ఆ ఊహ పట్టుకుని రుజువు చేసేది తర్కం యంత్రం. ఊహ తప్పయితే రుజువు ముందుకు సాగదు, ఇంకో గీత గీస్తుంది. అప్పు దరఖాస్తుకి కూడా ఇలాగే చేయవచ్చు. చేతిరాత చదవడం, పేర్లు పోల్చడం, గొంతు వినడం గణాంకానికి ఇవ్వండి. 'ఈయనకి అప్పు ఇవ్వం' అనే వాక్యం మాత్రం చదవగలిగే నియమాల నుంచి రావాలి. సాంకేతికంగా ఇది కుదరని పనేం కాదు. ఎవరూ అడగడం లేదు కాబట్టి చేయడం లేదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ప్రోలాగ్ (నిజాలు, నియమాలు రాస్తే మిగతాది తర్కంతో తేల్చే ప్రోగ్రామింగ్ భాష) ల్యాబ్ ఎత్తేసి చాలా ఏళ్ళయింది. ఈ సెమిస్టర్‌లో పోరాడి, వారానికి రెండు గంటలు వెనక్కి తెచ్చాను. మొదటి అభ్యాసం, ఎవరి కుటుంబం వాళ్ళు రాయడం. తెలుగులోనే రాయమన్నాను, ప్రోలాగ్ తెలుగు లిపిని ఒప్పుకుంటుంది. అందులో చలరాశి (ఇంకా తెలియని దానికి పెట్టే పేరు) ఇంగ్లిషు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, మన లిపిలో ఆ తేడా లేదు కాబట్టి ముందు అండర్‌స్కోర్ పెట్టుకుంటే చాలు. తల్లి, తండ్రి, భార్య, మగ, ఆడ, పుట్టిన ఏడాది, ఇవే నిజాలు. మిగతా చుట్టరికాలన్నీ నియమాలు రాసి తేల్చాలి. ఒకమ్మాయి ముప్ఫై నిమిషాల్లో పెద్దమ్మ, పిన్ని, అత్త, మామయ్య, బావ, మరదలు పూర్తి చేసింది. తర్వాత చెయ్యెత్తి పిలిచింది.

"సార్, ప్రోగ్రామ్ తప్పు చెబుతోంది. ఈయన నాకు ఏమవుతాడని అడిగితే 'మేనమామ' అంది. ఇంకో జవాబు కోసం సెమీకోలన్ నొక్కితే 'బావ' అంటోంది."

తెర మీద రెండు జవాబులూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆయన ఎవరని అడిగాను. "మా అమ్మ తమ్ముడు సార్" అంది. ఒక్క క్షణం ఆగి, "మా అక్కని చేసుకున్నాడు" అంది.

"అయితే ప్రోగ్రామ్ తప్పు చెప్పిందా?"

ఆ అమ్మాయి తెర వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది.

"మరి మీ ఇంట్లో ఏమని పిలుస్తావు?"

"చిన్నప్పట్నుంచీ మామయ్య అనే సార్. పెళ్ళయ్యాక కూడా మామయ్యే. బావ అని నోరు తిరగలేదు."

అది ఏ నియమంలో రాయాలని అడిగింది. క్లాసంతా దాని మీదే గంటసేపు వాదించుకున్నారు.